రాక్ బ్యాండ్ మిక్స్ విని ఏం చెప్పాలి, ఎట్లా చెప్పాలి: నల్లగొండ నుంచి ఒక సమగ్ర మార్గదర్శి

"అన్నా, మిక్స్ వచ్చింది, జర విని చెప్పు" అని రాత్రి పదిన్నరకు మెసేజ్ వస్తుంది, కింద ఒక ఆడియో. మిక్స్ అంటే విడివిడిగా రికార్డ్ చేసిన గొంతు, వాయిద్యాలు అన్నిటినీ సరిచూసి ఒక పాటగా కలిపిన ఫైల్. మంచం మీద పడుకునే ఫోన్ స్పీకర్‌లో ఒకసారి విని "మస్తుంది తమ్మీ, బేస్ కొంచెం పెంచితే ఇంకా మస్తుంటది" అని కొట్టేసి నిద్రపోతాం. నేనూ చాలా రోజులు ఇదే చేశాను. ఒకసారి మా దగ్గరి పిల్లలు నా మాట నమ్మి నిజంగానే బేస్ పెంచించారు. తర్వాత అదే పాట ఒక పెళ్లి బరాత్‌లో డీజే బాక్సుల మీద పెడితే గుంయ్ తప్ప ఏమీ వినపడలేదు. తప్పు మిక్స్ చేసినాయనది కాదు, నాది. ఫోన్ స్పీకర్ కింది స్వరాలను దాదాపు పలికించనే లేదు, దాంట్లో విని బేస్ తక్కువైందని తీర్పు చెప్పాను. మిక్స్ చేసేవాళ్లు మామూలుగా ఒప్పుకున్న రేటులో రెండు మూడు సార్లే మార్పులు చేసిస్తారు, అందులో ఒకటి నా వల్ల బూడిదలో పోసిన పన్నీరైంది.

అప్పటి నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో బ్యాండ్లు కట్టిన పిల్లల్లో చాలామంది డ్రమ్స్ హైదరాబాద్ స్టూడియోలో గంటల లెక్కన డబ్బు కట్టి రికార్డ్ చేస్తారు, గిటార్లు ఇంట్లో ల్యాప్‌టాప్‌కి కలిపి వాయిస్తారు, గొంతు దుప్పట్లు వేలాడదీసిన బెడ్‌రూమ్‌లో పాడతారు. మూడు చోట్ల పుట్టిన శబ్దాన్ని ఒక చోట కూర్చోబెట్టాలి కాబట్టి మిక్స్ వాళ్లకు మామూలు కంటే కష్టం, వినే మనకూ పని ఎక్కువే.

వినక ముందే అడగాల్సినవి

ముందు ఫైల్ సంగతి. వాట్సాప్‌లో ఆడియోగా వచ్చినదాన్ని నమ్ముకుని సింబల్స్ (డ్రమ్స్ పక్కన మోగే ఇత్తడి పళ్లేలు) గురించి మాట్లాడకండి, కుదించిన ఫైల్‌లో మొదట చెడేవి అవే. 128 కేబీపీఎస్ ఎంపీ3లో మామూలుగా 16,000 హెర్ట్జ్ (స్వరం ఎంత పైన ఉందో చెప్పే కొలత) పైన ఏమీ మిగలదు. కుదించని 24 బిట్ వేవ్ ఫైల్‌ని డ్రైవ్ లింక్‌గానో, వాట్సాప్‌లోనే డాక్యుమెంట్‌గానో పంపమనండి.

తర్వాత, ఇది ఏ దశలో ఉంది? రఫ్ మిక్సా, చివరి మిక్సా, మాస్టరింగ్ (మిక్స్ అయ్యాక విడుదల కోసం మొత్తం పాట సౌండ్‌ను సరిచేసే చివరి పని) కూడా అయిపోయిందా? మాస్టర్ అయిపోయిన పాటకు "గిటార్ తగ్గించు" అంటే వెనక్కి పోయి మిక్స్ మళ్లీ తెరవాలి. రఫ్ మిక్స్‌కి "సౌండ్ చిన్నగా ఉంది" అన్నా దండగే, ఆ పని మాస్టరింగ్‌లో జరుగుతుంది.

మూడోది చాలామంది అడగరు గానీ నాకైతే అన్నిటికంటే ముఖ్యం: ఈ పాట ఏ పాటల పక్కన నిలబడాలని మీ కోరిక? రెండు పాటలు పేర్లు చెప్పమనండి. వాళ్లు గరుకుగా, గ్యారేజ్‌లో వాయించినట్టు కావాలనుకుంటే మీరు నున్నగా చేయమని సలహా ఇచ్చి లాభం లేదు, మీ ఇష్టం వాళ్ల పాట మీద రుద్దినట్టే. సాహిత్యం కాగితం మాత్రం ఇప్పుడే తీసుకోకండి, ఎందుకో తర్వాత చెప్తాను.

ఎక్కడ, ఎంత సౌండ్‌తో

మన ఇళ్లు స్లాబు, కింద తాండూరు బండలు లేదా టైల్స్, నాలుగు పక్కలా ఉత్త గోడలు. చప్పట్లు కొడితే టింగ్ మని తిరిగి వస్తుంది. అలాంటి గదిలో స్పీకర్లు పెట్టి విని "రివర్బ్ (గది మోత లాంటి ప్రతిధ్వని) ఎక్కువైంది" అంటే ఆ రివర్బ్‌లో సగం మీ గదిదే కావచ్చు. పరుపు, బట్టల బీరువా ఉన్న గదిలో కూర్చోండి, లేదా మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి, అదే నయం. ఫోన్‌లో, ల్యాప్‌టాప్‌లో బేస్ బూస్ట్, డాల్బీ, ఈక్వలైజర్ అన్నీ ఆపేయండి. ఎండాకాలం కూలర్ ఆపమంటే ప్రాణం పోతుందని తెలుసు, అందుకే నేను తెల్లవారుజామున వింటాను, అప్పుడు చెవి కూడా తాజాగా ఉంటుంది.

సౌండ్ ఎంత పెట్టాలంటే, పక్కన మనిషి మామూలుగా మాట్లాడితే వినపడేంత. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే బెల్ ల్యాబ్స్‌లో కొలిచి చూపించారు: శబ్దం చిన్నగా ఉంటే చెవికి కింది స్వరాలు తక్కువ వినిపిస్తాయి, పెంచేకొద్దీ అవి నిండుగా అవుతాయి. అంటే గట్టిగా పెడితే ఏ మిక్స్ అయినా బాగున్నట్టే ఉంటుంది. ఒక స్థాయి పెట్టుకుని, వింటున్నంతసేపు దాన్ని ముట్టుకోకండి.

మొదటిసారి ఆపకుండా

మొదటిసారి వినడం అనేది జన్మకు ఒక్కసారే దొరుకుతుంది. ఐదో సారికి ప్రతి తప్పూ అలవాటైపోతుంది, ఇరవయ్యో సారి వింటున్న బ్యాండ్ వాళ్లకు అందుకే అవి కనపడవు. మిమ్మల్ని అడిగింది ఆ తాజా చెవి కోసమే. కాబట్టి ఫోన్ పక్కన పడేసి మొదటి నుంచి చివరి దాకా ఆపకుండా వినండి. అయ్యాక మూడు ముక్కలు రాయండి: ఎక్కడ ఒళ్లు పులకరించింది, ఎక్కడ ధ్యాస తప్పింది, ఏ చోట చెయ్యి తనకు తానే వాల్యూమ్ బటన్ మీదికి పోబోయింది. ఆ మూడోది అబద్ధం చెప్పదు. తగ్గించాలనిపించిన చోట ఏదో గుచ్చుతోంది, పెంచాలనిపించిన చోట ఏదో మునిగిపోయింది.

ఆ తర్వాత వాళ్లు చెప్పిన పాట పక్కన పెట్టి పోల్చండి. ఇక్కడ అందరూ బోల్తా పడతారు. విడుదలైన రాక్ పాట మాస్టరింగ్ అయి ఉంటుంది కాబట్టి మీ దగ్గరి మిక్స్ కంటే ఎంతో గట్టిగా వస్తుంది, 8, 10 డెసిబెల్స్ తేడా ఉన్నా ఆశ్చర్యం లేదు, వినగానే మనవాళ్లది నీరసంగా అనిపిస్తుంది. మిక్స్‌ను పెంచకండి, ఆ పాటనే తగ్గించండి, రెండూ చెవికి సమానం అయ్యేదాకా. ఉచితంగా దొరికే ఆడాసిటీలో రెండు ఫైళ్లూ పక్కపక్కన పెట్టి ఒకదాని గెయిన్ (సౌండ్ స్థాయి) తగ్గిస్తే చాలు. గట్టిదనం పిచ్చి మనకే కాదు, బ్యాండ్లకూ ఉంటుంది. స్పాటిఫై మామూలుగా పాటలన్నిటినీ మైనస్ 14 లఫ్స్ (పాట మొత్తం చెవికి ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత) దగ్గరికి తెచ్చి వినిపిస్తుంది, కాబట్టి అంతకంటే గట్టిగా చేసిన పాట అక్కడ తగ్గిపోతుంది, గట్టిదనం కోసం నలిపినందుకు పోయిన ప్రాణం మాత్రం తిరిగి రాదు.

ఇప్పుడు ఒక్కొక్కటి: ముందు గొంతు

సినిమా పాటలతో పెరిగిన చెవి మనది. అందులో గొంతు పెళ్లికొడుకు గుర్రం మీద ఉన్నట్టు అందరికంటే పైన ఉంటుంది. రాక్‌లో గొంతు గిటార్ల గుంపులో భుజం భుజం రాసుకుంటూ నిలబడుతుంది. అందుకే మనకు ఏ రాక్ మిక్స్ విన్నా "గొంతు పెంచు" అని నోట్లోంచి వచ్చేస్తుంది. పైన ఉందా లేదా అని చూడకండి, మాట తెలుస్తోందా లేదా అని చూడండి. సాహిత్యం కాగితం వద్దన్నది ఇందుకే. చదివి వింటే అన్నీ అర్థమైనట్టే ఉంటాయి. నేను మా అమ్మకు వినిపిస్తాను. "ఏమంటుండు?" అని అడిగిన ప్రతి చోటా సమయం రాసుకుంటాను. రాక్ గురించి ఆమెకేమీ తెలియదు, ఆ పరీక్షకు అంతకంటే మంచి మనిషి దొరకదు.

తెలుగు పాటకు ఇంకో చిక్కు ఉంది. మనకు హ్రస్వం, దీర్ఘం మారితే అర్థమే మారుతుంది, ఒత్తు పోయినా అంతే. "మొక్క" అనేటప్పుడు మధ్యలో గొంతు రెప్పపాటు ఆగుతుంది, ఆ ఆగడమే ఒత్తు. రివర్బ్ గానీ డిలే (మాట కాస్త ఆగి మళ్లీ వినపడడం) గానీ ఎక్కువైతే ఆ ఖాళీ నిండిపోయి "మొక" మిగులుతుంది. "కల" తోక సాగి "కాల" అయి కూర్చుంటుంది. ఇంగ్లిష్ పాటలు చూసి నేర్చుకున్న సెట్టింగ్ అచ్చంగా తెచ్చి పెడితే జరిగేది ఇదే. కాబట్టి "రివర్బ్ ఎక్కువైంది" అని వదిలేయకుండా "1:12 దగ్గర 'మొక్క' అన్న మాటలో ఒత్తు వినపడట్లేదు" అని రాయండి. తెలుగు రాని ఇంజనీర్ అయినా సరే ఆ సెకనుకు పోయి తోక కత్తిరిస్తాడు.

డ్రమ్స్, బేస్, గిటార్లు

కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్), బేస్ గిటార్ రెండూ ఒకే పొలం గట్టు మీద తగాదా పడే అన్నదమ్ముల్లాంటివి. బేస్ గిటార్ అడుగు తీగ 41 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది, కిక్ బరువు ఎక్కువగా 50 నుంచి 80 మధ్య ఉంటుంది. రెండూ ఒకే చోట ఉబ్బితే కిక్ దెబ్బ వేరుగా వినపడదు, మొత్తం ఒక ముద్ద. పరీక్ష సులువు: మీ కాలు కిక్‌తో పాటు కదులుతోందా? బేస్ వాయించే స్వరాలను నోటితో హమ్ చేయగలరా? రెండింటికీ అవునంటే ముందుకు పొండి. మన ప్రాంతంలో డీజే బాక్సుల ముందు ఎగిరిన చెవికి బేస్ ఎంత ఉన్నా తక్కువే అనిపిస్తుంది, ఈ అనుమానం మీ మీద మీరే పెట్టుకోండి.

స్నేర్ (టక్ మని మోగే చిన్న డ్రమ్) విషయంలో దెబ్బను, తోకను వేరువేరుగా వినండి. దెబ్బ టక్ మని ముందుకు రావాలి, తోక తర్వాతి దెబ్బకు అడ్డం పడకూడదు. టామ్స్ (డ్రమ్స్‌లోని మిగతా డ్రమ్ములు) మీద నేను పెద్దగా సమయం పెట్టను, రోల్ వచ్చినప్పుడు మాయమవకపోతే చాలు. సింబల్స్ మాత్రం పట్టించుకోండి. కోరస్ వచ్చినప్పుడు ఛీ మని ఒకటే ఇసుక రాలినట్టు ఉంటే, పది నిమిషాల్లో తలనొప్పి ఖాయం.

గిటార్లు మామూలుగా రెండుసార్లు వాయించి ఒకటి ఎడమకు, ఒకటి కుడికి పెడతారు. కొందరు బద్ధకంతో ఒకసారి వాయించినదాన్నే కాపీ చేసి కొద్దిగా జరిపి రెండో పక్క పెడతారు, హెడ్‌ఫోన్స్‌లో భలే వెడల్పుగా ఉంటుంది, మోనోలో (ఎడమ, కుడి రెండూ ఒకటిగా కలిపి) వింటే గొట్టంలోంచి వచ్చినట్టు బోలుగా అయిపోతుంది. ఫోన్ సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీ కింద మోనో ఆడియో అని ఉంటుంది, అది ఆన్ చేసి ఒకసారి వినండి. ఏదైనా వాయిద్యం సన్నబడినా మాయమైనా రాసుకోండి. ఊళ్లో సౌండ్ బాక్సులు చాలావరకు మోనోలోనే మోగుతాయి కాబట్టి ఇది పట్టింపు కోసం చేసే పరీక్ష కాదు.

ఇవన్నీ అయ్యాక ఫోన్ స్పీకర్, కారు, చిన్న బ్లూటూత్ డబ్బా, అన్నిట్లో ఒక్కోసారి. నార్కట్‌పల్లి దాకా హైవే మీద పోయి వస్తే కారు పరీక్ష అయిపోతుంది. యమహా ఎన్‌ఎస్-10 అని 1978లో వచ్చిన స్పీకర్ ఇంట్లో పాటలు వినడానికి అంత సుఖంగా ఉండదు, అయినా ప్రపంచంలోని స్టూడియోలు దాన్ని పట్టుకుని వేలాడాయి, దాంట్లో తప్పులు దాగవని. ఫోన్ స్పీకర్‌లో బేస్ ఎంత ఉందని తేల్చకండి (నా కథ చూశారుగా), బేస్ వాయించే స్వరాల ఆనవాలు వినపడుతోందా అని మాత్రమే చూడండి. బేస్‌కు పై స్వరాల గరుకు కాస్త ఉంటే, అడుగు వినపడకపోయినా చెవి దాన్ని ఊహించుకుంటుంది.

మన నోటి మాటల్లోనే చెప్పండి

నాకు బాగా చిరాకు తెప్పించేది ఇది. ఫీడ్‌బ్యాక్ అనగానే అందరూ పంచ్ లేదు, వార్మ్‌గా లేదు, ప్రొఫెషనల్ ఫీల్ రావట్లేదు అని మొదలుపెడతారు. ఆ మాటలకు ఒక్కొక్కరి దగ్గర ఒక్కో అర్థం. తెలుగులో చప్పుడుకు ఉన్నన్ని మాటలు పెట్టుకుని అప్పు తెచ్చుకోవడం ఎందుకు? కిక్ ధడ్ మనాలా, దబ్ మనాలా అని అడిగితే డ్రమ్మర్ వెంటనే చెప్తాడు. ఆ మాటలు ఇంజనీర్ అంకెలకు కూడా దాదాపు సరిపోతాయి. నా చెవి లెక్క ఇది, పాటను బట్టి అటూ ఇటూ అవుతుంది:

- గుంయ్ మని మోగుతోంది: 100 నుంచి 200 హెర్ట్జ్ దగ్గర ఎక్కువ.
- దుప్పటి కప్పి వాయించినట్టుంది: 200 నుంచి 400 దగ్గర బురద, లేదా పైన 8,000 దాటిన చోట ఏమీ లేదు.
- రేకు డబ్బా మీద కొట్టినట్టుంది: 400 నుంచి 800.
- ముక్కుతో పాడినట్టుంది: 1,000 చుట్టుపక్కల.
- చెవిలో గుచ్చుతోంది: 2,500 నుంచి 4,000. మన చెవి చురుకుగా ఉండేదీ ఇక్కడే, గిటార్లూ గొంతూ కొట్టుకునేదీ ఇక్కడే.
- "స" వచ్చినప్పుడల్లా పాము బుస కొట్టినట్టుంది: 5,000 నుంచి 8,000.
- బావిలోంచి పాడినట్టుంది: రివర్బ్.

అంకె మీకు ఖాయంగా తెలియకపోతే అసలు రాయకండి. "3,000 దగ్గర 4 డెసిబెల్స్ కోయండి" అని రాస్తే ఆయన మొహమాటానికి అదే కోస్తాడు, అసలు జబ్బు పక్క గిటార్‌లో ఉండొచ్చు. కడుపులో ఎక్కడ నొప్పో డాక్టర్‌కు చెప్తాం గానీ గోళీ పేరు మనం చెప్పం కదా.

మిక్స్‌లో తీరనివి

డప్పు తోలు మెత్తబడితే వాయించేవాళ్లు మంట దగ్గర కాచి బిగుతు తెచ్చుకుంటారు, మైకు మార్చుకోరు. స్నేర్ కూడా అంతే. శ్రుతి చేయని స్నేర్, శ్రుతి తప్పిన గిటార్, కిక్‌తో కలవని బేస్ వేళ్లు, ఉత్త గోడల గదిలో పాడిన గొంతు, వీటిని ఇంజనీర్ కొంత దాచగలడు, బాగు చేయలేడు. గొంతులో గది మోత ఎక్కితే దాన్ని తీయడం చక్కెర కలిపిన చాయ్‌లోంచి చక్కెర తీయడం లాంటిది. ఇలాంటివి కనిపిస్తే మిక్స్ ఫీడ్‌బ్యాక్‌లో కలపకండి, బ్యాండ్‌కే విడిగా ఫోన్ చేసి "రెండో చరణం మళ్లీ పాడి పంపితే మంచిది తమ్మీ" అని చెప్పండి. ఇంజనీర్ ముందు పాడినాయన పరువు తీయాల్సిన అవసరం లేదు. అట్లాగే ఒకే చోట రెండు గిటార్లు, కీబోర్డ్, గొంతు నాలుగూ కలబడుతుంటే అది పాట కట్టుబడిలోని ఇబ్బంది, ఒకటి అక్కడ ఊరుకోవాలి.

రాసి పంపడం

ఒక్కో మాటకు నాలుగు ముక్కలు ఉండాలి: సమయం, వాయిద్యం, ఏం వినిపించింది, ఎంత ఇబ్బంది. ఇట్లా:

"0:48, మొదటి కోరస్. గిటార్లు రాగానే గొంతు మునిగింది, 'వాన' తర్వాతి రెండు మాటలు ముగ్గురికి అర్థం కాలేదు. ఇది తప్పక చూడాలి."

"2:30, సోలో. ఎడమ గిటార్ చెవిలో గుచ్చుతోంది, హెడ్‌ఫోన్స్‌లోనే, కారులో బాగుంది. వీలైతే చూడండి."

ఏ పరికరంలో విన్నారో కూడా రాయడం మరువకండి. తప్పక చూడాల్సినవి మూడు దాటితే మీరు మళ్లీ వినండి, చాలాసార్లు ఒకే జబ్బు మూడు చోట్ల కనిపిస్తుంటుంది. బాగున్నవి కూడా రాయండి, మర్యాద కోసం కాదు: "బ్రిడ్జ్‌లో కిక్ అద్భుతం, దాన్ని కదపకండి" అని చెప్పకపోతే రెండో వెర్షన్‌లో అది కూడా మారిపోయి వస్తుంది.

బ్యాండ్ వాళ్లే ఫీడ్‌బ్యాక్ ఇస్తుంటే ఇంకో తంటా. నలుగురూ గ్రూపులో విడివిడిగా రాస్తే గిటారిస్ట్ గిటార్ పెంచమంటాడు, డ్రమ్మర్ డ్రమ్స్ పెంచమంటాడు, చివరికి అన్నీ పెరిగి ఏమీ పెరగవు. మెటాలికా అనే బ్యాండ్ 1988 ఆల్బమ్‌లో బేస్ గిటార్ దాదాపు వినపడదని ప్రపంచమంతా ఇప్పటికీ చెప్పుకుంటుంది. దాన్ని మిక్స్ చేసిన ఇద్దరిలో ఒకరైన స్టీవ్ థాంప్సన్ తర్వాత ఇంటర్వ్యూల్లో, డ్రమ్మర్ లార్స్ ఉల్రిచ్ తగ్గించమన్నాడు కాబట్టే తగ్గించామని చెప్పాడు. ఆ బేస్ వాయించిన జేసన్ న్యూస్టెడ్ అప్పటికి బ్యాండ్‌లో కొత్త. కాబట్టి నలుగురూ ఒక చోట కూర్చుని ఒకే కాగితం రాసుకుని ఒక్కరే పంపండి, గట్టిగా మాట్లాడలేని కుర్రాడి మాట కూడా అందులో పడిందో లేదో చూడండి.

రెండో వెర్షన్ వచ్చాక

ముందు మీ పాత జాబితా తీసి వాటినే చూడండి, పాత ఫైల్‌తో సమాన సౌండ్‌లో పోల్చి. కొత్తవి వెతకడం తర్వాత. గొంతు పెంచితే స్నేర్ చిన్నబోవడం మామూలే, అలాంటి పక్క దెబ్బలు మాత్రం రాయండి. మూడో వెర్షన్‌కు మీ మాటల్లో "అర డెసిబెల్" లాంటివి తప్ప ఏమీ లేకపోతే ఆపేయండి, వాళ్ల డబ్బు, మీ చెవులు రెండూ మిగులుతాయి.

చివరి ఫైల్ వచ్చినప్పుడు ఒకసారి మొదటి సెకను, చివరి పది సెకన్లు సౌండ్ బాగా పెంచి వినండి. మా పిల్లల ఒక పాటలో చివరి తీగ మోత ఇంకా ఆరకుండానే టక్కున తెగింది, దాని కింద సన్నగా టేబుల్ ఫ్యాన్ తిరుగుతోంది, అన్నిసార్లు విన్నాం గానీ నలుగురం ఐదుగురిలో ఒక్కరం పట్టలేదు.